బడిలో ఆరోగ్య పరీక్షలు: వారం ముందు మొదలుపెట్టి, ఆఖరి రిఫరల్ తేలేదాకా

ఏడాదికోసారి ఆరోగ్య బృందం బండి బడి గేటు ముందు ఆగుతుంది. డాక్టర్లు దిగుతారు, పిల్లలు వరుస కడతారు, సాయంత్రానికి బండి వెళ్ళిపోతుంది. హెచ్‌ఎం టేబుల్ మీద ఓ కట్ట రిఫరల్ స్లిప్పులు మిగులుతాయి. పిల్లల్లో లోపాన్ని కనిపెట్టడం బృందం పని. ఆ స్లిప్పు పట్టుకుని పిల్ల ఆసుపత్రికి వెళ్ళిందా లేదా అన్నది మాత్రం చాలావరకు బడి చేతిలోనే ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిని ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఆరోగ్య బాధ్యతలు చూసే టీచర్ల కోసం రాస్తున్నాను. గురుకులాల వార్డెన్లకూ పనికొస్తుంది.

ఎవరొస్తారు, ఏం చూస్తారు

ఉమ్మడి రాష్ట్రంలో 2010లో జవహర్ బాల ఆరోగ్య రక్ష పేరుతో ఇలాంటి పరీక్షలు మొదలయ్యాయి. 2013 ఫిబ్రవరిలో కేంద్రం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అంటే మనందరం ఆర్‌బీఎస్‌కే అనేది, తెచ్చింది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలందరూ దీని కిందకు వస్తారు. అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, బడుల్లో ఒకసారి పరీక్ష చేయాలి. చూసేవి నాలుగు రకాలు: పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషకాల లోపాలు, పిల్లల్లో వచ్చే జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం.

జాతీయ మార్గదర్శకాల ప్రకారం బృందంలో ఇద్దరు ఆయుష్ డాక్టర్లు (ఒకరు మహిళ), ఒక ఏఎన్‌ఎం లేదా స్టాఫ్ నర్సు, ఒక ఫార్మసిస్టు ఉండాలి. మీ మండలంలో పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరు, సిబ్బందే రావచ్చు. ఎవరొచ్చినా బడి చేయాల్సిన పని మారదు.

వారం ముందు: టీచర్ల జాబితా

తేదీ ఖరారు చేసేటప్పుడు పరీక్షలు, పండగలతో పాటు పొలం పనులు కూడా చూసుకోండి. పత్తి తీతలు, మిరప కోతలు జోరుగా ఉన్న వారంలో పెడితే పరీక్ష చేయాల్సిన పిల్లల్లో చాలామంది చేలోనే ఉంటారు. అలా బడి మానేవాళ్ళలోనే రక్తహీనత, బరువు తక్కువ సమస్యలు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది.

హెల్త్ కార్డుల్లో పేరు, తరగతి, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల ఫోన్ నంబరు ముందే రాసిపెట్టండి. పుట్టిన తేదీ సరిగ్గా ఉండాలి. పిల్ల సన్నగా ఉందా, సరిగ్గానే ఉందా అన్నది వయసును బట్టి తేల్చాలి కాబట్టి, ఏడాది తేడా వచ్చినా లెక్క తారుమారవుతుంది.

ఇక అన్నిటికన్నా విలువైనది, ఎవరూ అడగనిది ఒకటుంది. ప్రతి క్లాస్ టీచర్ దగ్గర ఓ తెల్లకాగితం ఇచ్చి, అనుమానం ఉన్న పిల్లల పేర్లు రాయమనండి. డాక్టరుకు ఒక్కో పిల్ల దగ్గర దొరికేది కొద్ది నిమిషాలు. మీరు ఆ పిల్లను ఏడాదంతా చూస్తున్నారు. బోర్డు మీదిది కాకుండా పక్కవాడి నోట్సు చూసి రాసుకునేవాడు, తల వంచి ఓరగా చూసేది, రెండుసార్లు పిలిస్తే గానీ పలకనివాడు, చెవి దగ్గర వాసన వచ్చేది, ఆటల పిరియడ్‌లో రెండు నిమిషాలకే ఆయాసపడి కూర్చునేవాడు, ప్రేయర్‌లో కళ్ళు తిరిగి పడిపోయేది, ఉన్నట్టుండి కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయేవాడు, మాటలో చురుకుగా ఉండి చదవమంటే మాత్రం అక్షరాలు కూడబలుక్కోలేనిది. బలపాలు, సుద్దముక్కలు, పచ్చి బియ్యం తినే పిల్లల పేర్లు తప్పకుండా రాయండి. అది చెడ్డ అలవాటని తిట్టి ఊరుకుంటాం గానీ, ఐరన్ లోపానికి అదో గుర్తు.

ఒక్క విషయంలో మాత్రం బృందం వచ్చేదాకా ఆగకండి. ఓ పిల్ల మాటిమాటికీ నీళ్ళు తాగుతూ, మాటిమాటికీ మూత్రానికి వెళ్తూ, తింటున్నా చిక్కిపోతుంటే అది చిన్నపిల్లల్లో వచ్చే షుగర్ కావచ్చు. ఆ రోజే పీహెచ్‌సీలో రక్తపరీక్ష చేయించాలి. వాంతులు, మత్తు, ఆయాసం కూడా తోడైతే 108కి ఫోన్ చేయడమే.

తల్లిదండ్రులకు పంపే చీటీ నాలుగు వాక్యాలు దాటకూడదు: ఏ రోజు, ఏం చూస్తారు, వేలి నుంచి ఒక్క చుక్క రక్తం తీస్తారు, పిల్ల వాడుతున్న మందులు, పాత జబ్బులు ఏమైనా ఉంటే రాసి పంపండి. చదువురాని ఇళ్ళకు ఫోన్ చేసి చెప్పండి. తల్లిదండ్రులు వలస వెళ్ళి అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో ఉండే పిల్లల పేర్ల పక్కన గుర్తు పెట్టుకోండి. తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి మనిషి దొరకనిది వీళ్ళకే.

ఆ రోజు బడిలో ఏర్పాటు

తలుపు, కిటికీలకు తెర ఉన్న ఒక గది ఆడపిల్లల పరీక్షకు కేటాయించండి. లోపల మహిళా డాక్టరు, ఒక మహిళా టీచరు ఉండాలి. మగపిల్లలకూ చాటు కావాలి. హైస్కూలు పిల్లాణ్ణి అందరి ముందు చొక్కా విప్పమంటే ఉన్న బాధ చెప్పడు, లేదంటాడు.

వరుస ఇలా పెట్టుకుంటే పని సాగుతుంది: ఎత్తు, బరువు, తర్వాత కళ్ళు, తర్వాత రక్తం, చివర డాక్టరు. కొలతలన్నీ కార్డు మీదకు ఎక్కాకే డాక్టరు ముందుకు వెళ్తే ఆయనకు చూసే పనే మిగులుతుంది, రాసే పని ఉండదు. రక్తం తీసే బల్ల మాత్రం వరుసలో ఉన్నవాళ్ళకు కనిపించకూడదు. మూడో తరగతిలో ఒక్కడు ఏడిస్తే ఆ తరగతంతా అందుకుంటుంది. ఒకసారి ఒక తరగతినే పిలవండి. మిగతా క్లాసులు నడుస్తుంటే గందరగోళం ఉండదు.

ఎత్తు, బరువు

బరువు మిషన్ గట్టి గచ్చు మీద ఉండాలి, చాప మీదో పరదా మీదో కాదు. మొదలుపెట్టే ముందు ఎవరైనా టీచరు మూడుసార్లు ఎక్కి దిగండి, మూడుసార్లూ ఒకే అంకె రావాలి. చెప్పులు, బెల్టు, జేబులో గోళీలు, కంపాస్ బాక్సు అన్నీ తీసేయించాలి. ఎత్తుకు మడమలు, పిరుదులు, భుజాలు గోడకు ఆనాలి, చూపు తిన్నగా ఉండాలి. నడినెత్తిన కొప్పు, రిబ్బను ఉంటే విప్పించండి, లేకపోతే రెండు మూడు సెంటీమీటర్లు ఊరికే పెరుగుతాయి.

బీఎంఐ లెక్క తెలిసిందే: బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించాలి. 142 సెం.మీ. ఎత్తు, 31 కిలోల బరువుంటే సుమారు 15.4 వస్తుంది. ఇక్కడ చాలామంది టీచర్లు పెద్దవాళ్ళలో బరువు తక్కువకు హద్దయిన 18.5 అంకె పట్టుకుని పిల్లలందరినీ బలహీనుల ఖాతాలో వేసేస్తారు. పిల్లలకు ఆ కొలబద్ద పనికిరాదు. పదేళ్ళ ఆరోగ్యవంతమైన పిల్లకు 16, 17 ఉండడం మామూలే. బృందం దగ్గర వయసువారీ పట్టిక ఉంటుంది, దాంతోనే పోల్చమనండి. కిందటేడు కార్డు పక్కన పెట్టి చూడడం ఇంకా మంచిది. ఏడాదిలో ఎత్తు పెరగని పిల్ల, బరువు తగ్గిన పిల్ల డాక్టరు దృష్టికి తప్పక రావాలి.

కళ్ళు

బడిలో తేలిగ్గా దొరికేదీ, తేలిగ్గా సరిచేయగలిగేదీ చూపు లోపమే. పరీక్ష పాడయ్యేదీ ఇక్కడే.

చార్టు నుంచి పిల్ల నిలబడే చోటుకు 6 మీటర్లు, అంటే 20 అడుగులు, టేపుతో కొలిచి సుద్దతో గీత గీయండి. అడుగులు వేసి అంచనా కట్టొద్దు. వరండా దీనికి బాగుంటుంది. వెలుతురు చార్టు మీద పడాలి గానీ, చార్టు వెనకున్న కిటికీలోంచి పిల్ల కళ్ళలోకి కాదు. ఒక కన్ను మూసినప్పుడు అరచేత్తో నొక్కితే, చేయి తీశాక ఆ కన్ను కాసేపు మసకగానే ఉంటుంది. వేళ్ళతో మూస్తే సందుల్లోంచి చూస్తారు. అట్టముక్కే మేలు. ముందు కుడి కన్ను, తర్వాత ఎడమ కన్ను, దేనికది విడిగా చూడాలి. రెండు కళ్ళూ తెరిచి చదివిస్తే ఒక కన్ను అసలు పనిచేయని పిల్ల కూడా దాటిపోతుంది.

పిల్లలు చార్టు బట్టీ పట్టేస్తారు. వరుసలో నిలబడి ముందువాళ్ళు చదివేది వింటూనే సగం వచ్చేస్తుంది. చదువురాని చిన్నపిల్లలకు వాడే, ఇంగ్లిష్ 'E' అక్షరం ఆకారపు గుర్తులున్న కార్డు పెద్దపిల్లలకూ వాడండి. కొమ్ములు ఎటున్నాయో చేత్తో చూపించమని, ప్రతి పిల్లకీ కార్డు తిప్పండి. 6/9 గుర్తులు (మామూలు చూపుంటే 9 మీటర్ల నుంచి కూడా కనిపించేవి) ఏ కంటితో గుర్తుపట్టలేకపోయినా కంటి డాక్టరుకు పంపాల్సిందే. ఇప్పటికే అద్దాలున్నవాళ్ళను అద్దాలతోనే చూడాలి. బ్యాగులో దాచుకున్నవి తీయించండి.

అద్దాలు రావడం ఒక ఎత్తు, అవి పిల్ల ముఖం మీద నిలవడం ఇంకో ఎత్తు. 'సోడాబుడ్డి' అని తోటిపిల్లలు ఏడిపిస్తే మూడో రోజుకే అవి పెట్టెలోకి పోతాయి. తల్లి నుంచి వచ్చే మాట ఇంకోటి: "ఆడపిల్లకు అద్దాలెందుకు సార్, రేపు సంబంధాలు చూడాలంటే ఎట్లా?" అద్దాలు పెట్టకపోతే ఏమవుతుందో ఆమెకు ఉపన్యాసంలా చెప్పొద్దు. పిల్లను గీత మీద నిలబెట్టి, అద్దాలు లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి కార్డు చూపించండి. తల్లి పక్కనే నిలబడి చూస్తుంది. అంతకన్నా బాగా ఒప్పించే మాట నాకు తెలీదు. మెల్లకన్ను కనిపిస్తే మాత్రం 'అదృష్టం' అని వదిలేయొద్దు. చిన్న వయసులోనే చికిత్స మొదలైతేనే ఆ కంటి చూపు నిలుస్తుంది.

సాయంత్రం చీకటి పడ్డాక తడుముకుంటూ నడిచే పిల్ల ఉంటే, కంటి తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలుంటే డాక్టరుకు వేరుగా చెప్పండి. అది విటమిన్ ఏ లోపం కావచ్చు.

రక్తం

కింది కనురెప్ప లోపలి వైపు, అరచేతులు, గోళ్ళు పాలిపోయి ఉన్నాయేమో డాక్టరు చూస్తారు. కంటితో చూసి చెప్పడం తీవ్రమైన రక్తహీనతకే కొంతవరకు నమ్మదగ్గది. వేలి చుక్కతో చూసే డిజిటల్ మిషన్ ఉంటే అందరికీ చేయించండి. 5 నుంచి 11 ఏళ్ళ పిల్లలకు హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తంలో 11.5 గ్రాములకు తగ్గితే, 12 నుంచి 14 ఏళ్ళవారికి 12కు తగ్గితే రక్తహీనత. 15 దాటిన ఆడపిల్లలకు 12, మగపిల్లలకు 13 హద్దు. 8 కన్నా తక్కువ వస్తే స్లిప్పు ఇచ్చి ఇంటికి పంపకండి, ఆ రోజే తల్లిదండ్రులను పిలిపించి ఆసుపత్రికి పంపాలి. వేలు గట్టిగా పిండితే రక్తం పల్చబడి అంకె తగ్గి వస్తుంది, ఆ సంగతీ గమనించండి.

వారానికోసారి బడిలో ఇచ్చే ఐరన్ మాత్రలు, చిన్నవాళ్ళకు గులాబి రంగువి, 10 నుంచి 19 ఏళ్ళవారికి నీలంవి, రక్తహీనత రాకుండా ఆపడానికి. వచ్చేసిన పిల్లకు అవి సరిపోవు. డాక్టరు రాసిన మోతాదు రోజూ వాడాలి, కొన్ని నెలల తర్వాత మళ్ళీ రక్తం చూడాలి. 'బడిలో మాత్ర వేసుకుంటున్నా కదా' అని ఇంట్లో మందులు పక్కన పెట్టడం సర్వసాధారణం. మాత్ర మధ్యాహ్న భోజనం తర్వాతే వేయించండి, పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. విరేచనం నల్లగా వస్తుందని ముందే చెప్పకపోతే మర్నాడు సగం మంది భయపడి మానేస్తారు. టీతో కలిపి వేసుకోకూడదు. నిమ్మరసం, జామకాయ, ఉసిరి తింటే ఒంటికి బాగా పడుతుంది.

నులిపురుగులు రక్తహీనతకు తోడవుతాయి కాబట్టి ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే ఆల్బెండజోల్ 400 మి.గ్రా. మాత్ర ఎగ్గొట్టినవాళ్ళ పేర్లు చూసుకోండి. ఆ మాత్ర నమిలి మింగాలి, మీ ఎదుటే. జ్వరంతో ఉన్న పిల్లకు ఆ రోజు వద్దు, మిగిలిపోయినవాళ్ళ కోసం తర్వాత పెట్టే మాప్‌అప్ రోజున ఇవ్వొచ్చు.

అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం, ఆదిలాబాద్ వైపు ఆశ్రమ పాఠశాలల వాళ్ళకు ఇంకో మాట. సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) నిర్మూలనకు 2023 జులై 1న జాతీయ మిషన్ మొదలైంది. గిరిజన పిల్లల్లో ఆ పరీక్ష అయ్యిందా లేదా కార్డులో చూడండి. సికిల్ సెల్ జబ్బున్న పిల్లకు ఐరన్ ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి, అందరితో పాటు చేతిలో పెట్టేయకూడదు. ఒళ్ళు నొప్పులని ఆ పిల్ల మూలిగితే బద్ధకమనుకోవద్దు, అది ఆ జబ్బు తెచ్చే నొప్పే కావచ్చు.

మిగతావి, గబగబా

పుచ్చుపళ్ళు దాదాపు ప్రతి తరగతిలో ఉంటాయి. పళ్ళ మీద సుద్దలాంటి తెల్ల చారలు, గోధుమరంగు గీతలు ఉంటే అది ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల కావచ్చు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల టీచర్లకు ఇది చెప్పక్కర్లేదు. తోమితే పోయే మచ్చలు కావవి, పళ్ళు తోముకోలేదని పిల్లను నలుగురిలో అనకండి.

గజ్జి ఒక్క పిల్లకు మందిస్తే తగ్గదు, ఇంట్లో అందరూ ఒకేసారి పూసుకోవాలి. హాస్టల్లోనైతే గదంతా. పాలిపోయిన మచ్చ మీద స్పర్శ తెలియకపోతే కుష్ఠు అనుమానించాలి. చికిత్స పూర్తిగా ఉచితం, నయమైపోతుంది. ఆ పేరు మాత్రం తరగతిలో ఎవరి చెవినా పడకూడదు.

గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు కీళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వాచి నొప్పి పెడితే అది రుమాటిక్ జ్వరం కావచ్చు, గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. ఇప్పటికే ఆ జబ్బున్న పిల్లలకు సాధారణంగా 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఉంటుంది. ఆ రోజు బడికి రాలేదని హాజరు దగ్గర సాధించకండి, తేదీ మీరే గుర్తుచేయండి.

ఒంటి మీద దెబ్బలు, కాలిన మచ్చలు కనిపించినా, తనను ఎవరైనా బాధపెడుతున్నారని పిల్ల లోపలి గదిలో చెప్పినా అది స్లిప్పుతో తేలే విషయం కాదు. లైంగిక వేధింపు అనుమానం ఉంటే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. దిగులుగా, ముభావంగా ఉండే పెద్దపిల్లల కోసం, ఫోన్లో మానసిక సమస్యలకు సాయం చేసే టెలి మానస్ నంబరు 14416 నోటీసు బోర్డు మీద పెట్టండి.

స్లిప్పుల కట్ట

బండి వెళ్ళిపోయాక అసలు పని మొదలవుతుంది. ఆ సాయంత్రమే కూర్చుని స్లిప్పులను మూడు దొంతరలుగా విడదీయండి: ఈ రోజో రేపో వెళ్ళాల్సినవి; నెల లోపు వెళ్ళాల్సినవి; పీహెచ్‌సీలోనే అయిపోయేవి. స్లిప్పు పిల్ల చేతికిచ్చి పంపితే అది నోట్‌బుక్కులో నలిగిపోతుంది. ఫోటో తీసి పెట్టుకుని, అసలు కాగితం తల్లికో తండ్రికో ఇచ్చి సంతకం తీసుకోండి.

తర్వాత ఒక రిజిస్టరు. అందులో పేరు, తరగతి, ఏం సమస్య, ఎక్కడికి పంపారు, ఎవరు తీసుకెళ్తారు, ఏ తేదీ, వెళ్ళారా, డాక్టరు ఏం చెప్పారు, మళ్ళీ ఎప్పుడు. 'వెళ్ళారా' అనే గడి ఖాళీగా ఉన్న పేర్లను పదిహేను రోజులకోసారి చదవండి. ఎందుకు వెళ్ళలేదో అడిగితే ఇంచుమించు ఇవే జవాబులు: కూలి పోతుంది, తోడెవరూ లేరు, అక్కడ ఎవర్ని అడగాలో తెలీదు. పిల్లకు ఏం కాదులే అనుకునేవాళ్ళు తక్కువే.

వీటికి బడి చేయగలిగింది ఉంది. జిల్లా ఆసుపత్రికి అనుబంధంగా ఉండే డీఈఐసీ (పిల్లల్లో లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రం)లో పిల్లల డాక్టరు, కంటి, దంత, వినికిడి నిపుణులు, ఫిజియోథెరపిస్టు లాంటివాళ్ళు ఉంటారు, సేవలు ఉచితం. ముందు ఫోన్ చేసి ఏ నిపుణుడు ఏ వారం ఉంటారో కనుక్కోండి. ఒకే రకం సమస్య ఉన్న పిల్లలందరినీ ఒకే రోజు, ఇద్దరు ముగ్గురు తల్లుల తోడుతో, ఆశా కార్యకర్తను కలుపుకుని పంపితే ఊళ్ళో అందరూ కూలి పోగొట్టుకోనక్కర్లేదు. రవాణాకు బండి దొరుకుతుందేమో ఆర్‌బీఎస్‌కే బృందాన్నే అడగండి. ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులు సంచిలో పెట్టమని ముందురోజే చెప్పాలి. ఒక్క కాగితం లేక వెనక్కి వచ్చిన తల్లి రెండోసారి బయల్దేరడం కష్టం.

గుండె ఆపరేషన్, గ్రహణం మొర్రి లాంటి పెద్ద చికిత్సలకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి. పెద్దాసుపత్రికి వెళ్ళగానే ముందు ఆ పథకం రోగులకు దారి చూపే ఆరోగ్యమిత్ర కౌంటర్ ఎక్కడని అడగమనండి. ఈ ఒక్క మాట చెబితే వాళ్ళ టెన్షన్ సగం తగ్గుతుంది.

వినికిడి లోపం, మేధో వైకల్యం, చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం (సదరం లేదా యూడీఐడీ) కావాల్సి వస్తుంది. ఆ స్లాటుకు తొమ్మిదో తరగతిలోనే ప్రయత్నించండి. పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు లాంటి సౌకర్యాలు అడగాలంటే ధ్రువపత్రం చేతిలో ఉండాలి. ఫీజు కట్టే వారంలో పరుగులు పెడితే దొరకదు.

గోప్యత, ఆపై ఏడాది

పిల్లలు వరుసలో ఉన్న ఫోటో గ్రూపులో పెడితే ఫరవాలేదు, హెల్త్ కార్డు ఫోటో, రిఫరల్ జాబితా మాత్రం వాట్సాప్ గ్రూపుల్లోకి పోకూడదు. పేర్లు ప్రేయర్‌లో చదవొద్దు. రిజిస్టరు బీరువాలో ఉండాలి, తాళం ఇద్దరి దగ్గరే.

పరీక్ష రోజు రానివాళ్ళ జాబితా పీహెచ్‌సీకి ఇచ్చి, వాళ్ళను అక్కడికి పంపే రోజు అడగండి. బడి మారే పిల్లల కార్డు టీసీతో పాటు కొత్త బడికి పంపండి. పదో తరగతి అయిపోయినవాళ్ళకు కార్డు జిరాక్సు చేతికిచ్చి, మూర్ఛ మందులో, పెన్సిలిన్ ఇంజెక్షనో నడుస్తుంటే తర్వాతి తేదీ దాని మీద ఎర్ర ఇంకుతో రాయండి. కాలేజీలో చేరాక ఆ తేదీ గుర్తుచేసే టీచరు ఉండకపోవచ్చు.